ఖాళీ గడులను వదిలిన శాస్త్రవేత్త దిమిత్రీ మెండలీవ్

1875 ఆగస్టులో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లెకాక్ ద బ్వాబోద్రాన్ పిరనీస్ పర్వత ప్రాంతంలో దొరికిన జింకు ఖనిజాన్ని వర్ణపటదర్శినితో పరీక్షిస్తున్నారు. అంతవరకు తెలిసిన ఏ మూలకానికీ చెందని రెండు ఊదారంగు గీతలు ఆయనకు కనిపించాయి. కొన్ని నెలల శ్రమతో కొద్దిపాటి లోహాన్ని వేరుచేసి, తన దేశపు ప్రాచీన నామాన్ని అనుసరించి దానికి గాలియం అని పేరు పెట్టారు. ఆ ఏడాది ముగిసేలోపే సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఒక వింత ప్రకటన వెలువడింది. ఆ లోహం సంగతి తాను నాలుగేళ్ల క్రితమే చెప్పానని, దాని సాంద్రత 5.9కి, 6కి మధ్య ఉండి తీరాలని అక్కడి ఆచార్యుడొకరు అందులో రాశారు. బ్వాబోద్రాన్ తొలిసారి కొలిచినప్పుడు వచ్చిన విలువ 4.7 మాత్రమే. లోహాన్ని కళ్లారా చూసిన మనిషికీ, దాని ముఖమే ఎరుగని మనిషికీ మధ్య తలెత్తిన వివాదమిది. బ్వాబోద్రాన్ నమూనాను మరింత శుద్ధి చేసి మళ్లీ కొలిచారు. ఈసారి 5.9 వచ్చింది.

ఆ ఆచార్యుడే దిమిత్రీ ఇవనోవిచ్ మెండలీవ్. కొలత తేలేవరకు ఆయన పరువు నిజంగానే పణంలో ఉంది. తెలిసిన మూలకాలన్నింటినీ పట్టికగా అమర్చి, మధ్యమధ్య ఖాళీలు వదిలి, ఆ ఖాళీల్లోకి రాబోయేవాటి లక్షణాలను అంకెలతో సహా అచ్చువేయించిన మనిషి ఆయన. అంకెలు తప్పితే పట్టికంతా ఊహాగానంగా మిగిలిపోయేది. సాటి శాస్త్రవేత్తల్లో చాలామంది అంతవరకు దాన్ని అలాగే చూశారు కూడా.

మెండలీవ్ 1834 ఫిబ్రవరి 8న సైబీరియాలోని తోబోల్స్క్ పట్టణంలో జన్మించారు. రష్యాలో అప్పట్లో వాడుకలో ఉన్న పాత పంచాంగం ప్రకారం అది జనవరి 27. పది మందికి పైగా సంతానంలో ఆయన కడగొట్టువాడు. తండ్రి ఇవాన్ పావ్లోవిచ్ స్థానిక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. దిమిత్రీ పుట్టిన సంవత్సరమే ఆయన చూపు కోల్పోయి ఉద్యోగానికి దూరమయ్యారు. ఇంటి భారం తల్లి మరియా దిమిత్రియెవ్నా భుజాలపై పడింది. పుట్టింటివారికి పట్టణానికి సమీపంలోని అరెమ్జ్యాంకా గ్రామంలో ఒక గాజు కర్మాగారం ఉండేది. దాని నిర్వహణను ఆమే చేపట్టి పిల్లలను పోషించారు. కొలిమిలో ఇసుక, క్షారం కరిగి గాజుగా మారడాన్ని బాల్యంలోనే చూసిన శాస్త్రవేత్త మెండలీవ్.

1847లో తండ్రి మరణించారు. మరుసటి సంవత్సరం కర్మాగారం అగ్నికి ఆహుతైంది. అప్పటికే యాభై దాటిన మరియా అంతటితో కుంగిపోలేదు. ఉన్నదంతా కూడగట్టుకుని, ఇంటిదగ్గర మిగిలిన చిన్న కొడుకును, ఒక కూతురిని వెంటబెట్టుకుని 1849లో మాస్కోకు ప్రయాణం కట్టారు. రైలు లేని ఆ కాలంలో రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దారి అది. సైబీరియా విద్యార్థి అన్న కారణంగా మాస్కో విశ్వవిద్యాలయం కుర్రవాడిని చేర్చుకోలేదు. ఆమె పీటర్స్‌బర్గ్ దారి పట్టారు. భర్త చదివిన ప్రధాన బోధనాభ్యసన సంస్థలో 1850లో కొడుకుకు ప్రభుత్వ ఖర్చుతో సీటు దొరికింది. ఆ పని పూర్తయిన కొద్ది వారాలకే ఆమె కన్నుమూశారు. దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత, 1887లో, ద్రావణాలపై వెలువరించిన బృహద్గ్రంథాన్ని మెండలీవ్ ఆ తల్లికే అంకితమిచ్చారు.

1855లో బంగారు పతకంతో చదువు ముగించారు. ఊపిరితిత్తుల జబ్బు ఉందన్న అనుమానంతో వైద్యులు దక్షిణాదికి వెళ్లమన్నారు. సింఫెరోపోల్‌లోను, తరువాత ఒదెస్సాలోను ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆరోగ్యం కుదుటపడ్డాక రాజధానికి తిరిగి వచ్చారు. 1859లో ప్రభుత్వం ఆయనను ఉన్నత పరిశోధనకు జర్మనీలోని హైడెల్‌బర్గ్ పంపింది. అక్కడి విశ్వవిద్యాలయ ప్రయోగశాల నచ్చక అద్దె ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగశాల ఏర్పాటు చేసుకుని ద్రవాల స్వభావంపై పనిచేశారు.

ఆ ప్రవాసంలో ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది సొంత ప్రయోగం కాదు, ఒక సభ. 1860 సెప్టెంబరులో కార్ల్స్‌రూ నగరంలో యూరప్ దేశాల రసాయన శాస్త్రవేత్తలు వందమందికి పైగా సమావేశమయ్యారు. రసాయన శాస్త్రం అప్పుడు ఎంతటి అయోమయంలో ఉందో ఈనాటి పాఠకునికి నమ్మశక్యం కాదు. ఆక్సిజన్ పరమాణు భారం 8 అని కొందరు, 16 అని కొందరు లెక్కించేవారు. దాంతో నీటికి సైతం అందరూ ఒప్పుకున్న ఫార్ములా లేదు. తూకపు రాళ్లే ఒక్కో కొట్టులో ఒక్కో రకంగా ఉంటే సరుకులను బరువు ప్రకారం వరుసలో పెట్టడం ఎవరి తరం? ఆ సభలో ఇటలీకి చెందిన స్టానిస్లావో కానిజారో, తన దేశస్థుడైన అవగాడ్రో మరుగున పడిన సిద్ధాంతం ఆధారంగా పరమాణు భారాలను ఎలా నిర్ణయించాలో వివరించారు. సభ ముగింపులో ఆయన వ్యాసం ప్రతులను పంచిపెట్టారు. మెండలీవ్ ఆ సభలో ఉన్నారు. తరువాత ఆయనకు పోటీదారుగా నిలిచిన జర్మన్ శాస్త్రవేత్త లోథర్ మేయర్ కూడా అక్కడే ఉన్నారు.

1861లో స్వదేశానికి తిరిగి వచ్చి, రష్యన్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠ్యగ్రంథం రాసి దెమిదోవ్ బహుమతి పొందారు. 1865లో నీటితో ఆల్కహాలు కలయికపై డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ఈ గ్రంథం పుణ్యమా అని రష్యన్ వోడ్కాలో ఆల్కహాలు నూటికి నలభై పాళ్లు ఉండాలని నిర్ణయించినది ఆయనే అన్న కథ ప్రచారంలోకి వచ్చింది. ఆ ప్రమాణం 1843 నాటిది. అప్పటికి మెండలీవ్ వయసు తొమ్మిదేళ్లు.

1867లో పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో సాధారణ రసాయన శాస్త్ర ఆచార్య పదవి లభించింది. విద్యార్థుల చేతికి ఇవ్వదగిన రష్యన్ పుస్తకం లేకపోవడంతో రసాయన శాస్త్ర మూలసూత్రాలు అనే గ్రంథం రాయడం మొదలుపెట్టారు. ఆవర్తన పట్టిక ప్రయోగశాలలో పుట్టలేదు, ఈ పుస్తకం రాస్తుండగా ఎదురైన చిక్కులోంచి పుట్టింది. మొదటి సంపుటం ముగిసేసరికి హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్‌లతో పాటు క్లోరిన్ కుటుంబం పూర్తయింది. అప్పటికి తెలిసిన మూలకాలు 63. అంటే యాభైకి పైగా మూలకాలు రెండో సంపుటానికి మిగిలాయి. వాటిని ఏ క్రమంలో చెప్పాలి?

మూలకాల్లో కుటుంబాలు ఉన్నాయన్న సంగతి అప్పటికే తెలుసు. లిథియం, సోడియం, పొటాషియం మూడూ కత్తికి తెగేంత మెత్తని లోహాలు. మూడూ నీటితో కలిసి క్షారాన్ని ఇస్తాయి. ఆ చర్య తీవ్రత ఒకదాని కంటే మరొకదానిలో పెరుగుతూ పోతుంది. క్లోరిన్ వాయువు, బ్రోమిన్ ద్రవం, అయొడిన్ ఘనం. చూపులకు పొంతన లేకపోయినా మూడూ సోడియంతో ఒకే తీరులో కలిసి, ఒకే తీరు లవణాలను ఇస్తాయి. జర్మనీకి చెందిన డోబరీనర్ 1829 నాటికే ఇటువంటి త్రికాలను గుర్తించారు. లిథియం భారం 7, పొటాషియం 39. రెండింటినీ కలిపి సగం చేస్తే వచ్చే 23, సోడియం భారం. ఫ్రాన్స్‌లో షాంకోర్తువా 1862లో మూలకాలను స్తంభం చుట్టూ తిరిగే మెట్ల వరుసలా అమర్చారు. ఇంగ్లండులో జాన్ న్యూలాండ్స్ సంగీత స్వరాల మాదిరిగా ప్రతి ఎనిమిదో మూలకంలో పోలిక తిరిగి వస్తోందని 1866లో లండన్ కెమికల్ సొసైటీలో చెబితే, అక్షర క్రమంలో పేర్చి చూశారా అని సభికుడొకరు ఎగతాళి చేశారు. న్యూలాండ్స్ అమరికలో కొన్ని జోడింపులు అతకని మాట నిజమే. అయినా ఆ ఎగతాళికి ఆయన తగినవారు కాదు.

వీరంతా చూసినదానికి మెండలీవ్ కలిపిన అంశం ఒకటుంది. ఇతరులు ఒక కుటుంబంలోని సభ్యులను ఒకరితో ఒకరిని పోల్చారు. ఆయన ఏమాత్రం పోలిక లేని రెండు కుటుంబాలను పక్కపక్కన నిలబెట్టారు. క్లోరిన్ భారం 35.5, పొటాషియం 39. బ్రోమిన్ 80, రుబీడియం 85. అయొడిన్ 127, సీజియం 133. ప్రతిచోటా హాలోజన్ ముగిసిన వెంటనే కొద్ది తేడాతో క్షారలోహం మొదలవుతోంది. గుణాలు పూర్తిగా తారుమారై, మళ్లీ మొదటినుంచి అదే క్రమంలో నడుస్తున్నాయి. కుటుంబాలు విడివిడి దీవులు కావని, భారం పెరిగేకొద్దీ గుణాలు చక్రంలా తిరిగి వస్తాయని ఆ పోలికలో తేలింది.

ఈ ఆలోచన కాగితంపైకి వచ్చిన రోజు పాత పంచాంగం ప్రకారం 1869 ఫిబ్రవరి 17, నేటి లెక్కలో మార్చి 1. త్వేర్ ప్రాంతపు జున్ను తయారీ కేంద్రాల పరిశీలనకు ఆయన ఆ రోజే బయలుదేరవలసి ఉంది. ఆ పర్యటనకు సంబంధించి వచ్చిన ఉత్తరం వెనుకవైపు మూలకాల గుర్తులు, భారాలు గీకి చూసుకున్న కాగితం నేటికీ భద్రంగా ఉంది. మూలకాల పేర్లున్న ముక్కలను పేకాటలో మాదిరి పరిచి చూశారన్న కథ, కలలో పట్టిక మొత్తం కనిపించిందన్న కథ ఆ తరువాత పుట్టినవి. ఆ ముక్కలు ఎక్కడా దొరకలేదు. కొట్టివేతలతో నిండిన ఆ చిత్తు కాగితాలు చూస్తే కల కథ నిలవదు. పదేళ్ల ఆలోచన, ఒక పాఠ్యపుస్తకపు ఒత్తిడి వాటిలో కళ్లకు కడతాయి. పట్టికను అచ్చుకిచ్చి ఆయన జున్ను కేంద్రాల పనిమీద వెళ్లారు. మరో రెండు వారాలకు రష్యన్ కెమికల్ సొసైటీ సమావేశంలో ఆయన తరఫున సహచరుడు నికొలాయ్ మెన్షూత్కిన్ ఆ పరిశోధన పత్రాన్ని సమర్పించారు.

ఆ తొలి పట్టికలో కొన్ని చోట్ల మూలకం పేరు లేదు. ప్రశ్నార్థకం, దాని పక్కన ఊహించిన భారం మాత్రమే ఉన్నాయి. 1871 నాటికి పట్టికను ఎనిమిది నిలువు వర్గాలుగా సరిదిద్దినప్పుడు ఆ ఖాళీలు మరింత స్పష్టమయ్యాయి. వాటి సంగతి తెలుగు వర్ణమాల నేర్చిన వారికి సులభంగానే బోధపడుతుంది. క, చ, ట, త, ప వర్గాల్లో అక్షరాలు ఉచ్చరించే స్థానాన్ని బట్టి అడ్డంగా, ఉచ్చరించే తీరును బట్టి నిలువుగా అమరి ఉంటాయి. తవర్గంలో దకారం చెరిగిపోయిందనుకుందాం. ఆ గడిలో ఉండవలసిన ధ్వని ఎటువంటిదో పలకకుండానే చెప్పవచ్చు. ఎడమన, కుడిన ఉన్న అక్షరాలు అది దంత్యమని చెబుతాయి. పైన ఉన్న గ, జ, డ అది సరళమని చెబుతాయి. మెండలీవ్ చేసినది అదే. అల్యూమినియం కింద ఖాళీ ఉంటే, పైనున్న అల్యూమినియం, కిందనున్న ఇండియం, పక్కలనున్న జింకు గుణాలను కలిపి, మధ్యలో ఉండవలసిన లోహం భారం, సాంద్రత, ఆక్సైడు స్వభావం గణించారు.

పేరులేని ఆ మూలకాలకు ఆయన తాత్కాలికంగా పెట్టిన పేర్లు భారతీయుల చెవికి మరీ దగ్గరివి. బోరాన్ తరువాతి గడికి ఏక బోరాన్, అల్యూమినియం తరువాతిదానికి ఏక అల్యూమినియం, సిలికాన్ తరువాతిదానికి ఏక సిలికాన్. ఇంకా దూరంగా ఉన్నవాటికి ద్వి, త్రి అన్న ఉపపదాలు వాడారు. లాటిన్, గ్రీకు సంఖ్యలతో పేర్లు కట్టే యూరప్ శాస్త్రలోకంలో సంస్కృత సంఖ్యలు అరుదు. పాణిని వ్యాకరణాన్ని ఐరోపాలో ప్రచురించి, పీటర్స్‌బర్గ్ సంస్కృత నిఘంటువును సంకలనం చేసిన ఓటో బ్యోట్‌లింక్ ఆ నగరంలోనే అకాడమీ సభ్యుడు. ధ్వనులను గుణాలను బట్టి వర్గాలుగా కూర్చిన భారతీయ శిక్షా, వ్యాకరణ సంప్రదాయం పరిచయం ఆ పేర్ల వెనుక ఉండవచ్చునని కొందరు భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. ఇది ఊహ స్థాయిని దాటలేదు. పాణిని నుంచే ఆవర్తన పట్టిక పుట్టిందని ప్రచారం చేయడం మాత్రం అతిశయోక్తి. పేర్లు సంస్కృతానివి, లెక్క మాత్రం కార్ల్స్‌రూ సభ ఇచ్చినది.

ఖాళీలు వదలడం కంటే పెద్ద సాహసం మరొకటి చేశారు. పుస్తకాల్లో అచ్చయిన పరమాణు భారాలు తన పట్టికకు పొసగకపోతే, పట్టికను మార్చలేదు, భారాలే తప్పన్నారు. బెరీలియం భారం 14 కాదు, 9 ఉండాలన్నారు. యురేనియం 120 కాదు, దానికి రెట్టింపు 240 అన్నారు. ఇండియం 76 కాదు, 113 అన్నారు. ఈ మూడింటిలోనూ తరువాతి కొలతలు ఆయన పక్షానే నిలిచాయి. అయితే టెల్యూరియం, అయొడిన్ జంట మాత్రం ఆయనను చివరివరకు వేధించింది. టెల్యూరియం భారం 128, అయొడిన్ 127. భారం ప్రకారం అయొడిన్ ముందు రావాలి. కానీ గుణాల ప్రకారం అయొడిన్ స్థానం క్లోరిన్, బ్రోమిన్‌ల కింద. దాన్ని సెలీనియం కిందకు పంపితే కుటుంబమే చెదిరిపోతుంది. భారాన్ని పక్కకు నెట్టి గుణానికే ఓటు వేశారు మెండలీవ్. టెల్యూరియం భారం తప్పుగా కొలిచారని, అది 127 కంటే తక్కువే ఉండాలని వాదించారు. అమరికలో ఆయన చేసినది సరైన పని, చెప్పిన కారణం తప్పు.

గాలియం తరువాత 1879లో స్వీడన్ శాస్త్రవేత్త నిల్సన్ స్కాండియంను కనుగొన్నారు. అది ఏక బోరాన్ అని నిల్సన్ దేశస్థుడే అయిన క్లీవ్ గుర్తించారు. ఊహించిన భారం 44, తేలినదీ 44. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో క్లెమెన్స్ వింక్లర్ ఒక వెండి ఖనిజం నుంచి జెర్మేనియంను వేరుచేశారు. తొలుత మెండలీవ్ సైతం దాని గడిని సరిగా పోల్చుకోలేక అది మరో ఖాళీకి చెందినదనుకున్నారు. పూర్తి వివరాలు వచ్చాక అది ఏక సిలికాన్ అని తేలింది. భారం 72 అని చెప్పగా 72.3 వచ్చింది. సాంద్రత 5.5 అనగా 5.47 వచ్చింది. దాని క్లోరైడు వంద డిగ్రీలలోపే మరుగుతుందని చెప్పగా 86 డిగ్రీల దగ్గర మరిగింది. ఒకటి కాకతాళీయం కావచ్చు. మూడు వరుసగా కాకతాళీయం కాలేవని శాస్త్రలోకం అంగీకరించింది.

లోథర్ మేయర్‌కు న్యాయం చేయకుండా ఈ కథ చెప్పడం సరికాదు. మేయర్ 1864లోనే పాక్షిక పట్టిక అచ్చువేశారు. 1870లో ఆయన గీసిన రేఖాచిత్రం గుణాల ఆవర్తనాన్ని మెండలీవ్ పట్టిక కంటే స్పష్టంగా కంటికి చూపుతుంది. లండన్ రాయల్ సొసైటీ 1882లో డేవీ పతకాన్ని ఇద్దరికీ కలిపి ఇచ్చింది. తేడా ఒక్కటే. తెలిసినదానిని మేయర్ జాగ్రత్తగా అమర్చారు. తెలియనిదాని మీద పందెం కాసినవారు మెండలీవ్.

విదేశాలు గౌరవించిన ఆయనను స్వదేశపు అకాడమీ ఆదరించలేదు. 1880లో పీటర్స్‌బర్గ్ ఇంపీరియల్ అకాడమీ సభ్యత్వానికి జరిగిన ఓటింగులో ఆయన ఓడిపోయారు. పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. ఇంటి సంగతులు అప్పటికే చిక్కుల్లో ఉన్నాయి. 1862లో ఫియొజ్వా లెష్చోవాతో జరిగిన పెళ్లి సాఫీగా సాగలేదు. చిత్రకళా విద్యార్థిని అన్నా పొపోవాను ప్రేమించి, విడాకులు తీసుకుని, చర్చి విధించిన గడువు పూర్తికాకముందే 1882లో ఆమెను వివాహమాడారు. వారి కుమార్తె ల్యుబోవ్ తరువాత కవి అలెగ్జాండర్ బ్లోక్ భార్య అయ్యారు.

చమురు పరిశ్రమ అధ్యయనానికి బాకుకు, 1876లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు వెళ్లారు. 1887లో సూర్యగ్రహణం చూడటానికి బెలూన్ ఎక్కబోతే, వర్షానికి తడిసి బరువెక్కిన బెలూన్ ఇద్దరిని మోయలేకపోయింది. నడిపే మనిషిని దించివేసి, అనుభవం లేకపోయినా ఒంటరిగా పైకి వెళ్లి క్షేమంగా దిగారు. 1890లో విద్యార్థుల విజ్ఞాపన పత్రాన్ని విద్యామంత్రికి అందజేయబోతే ప్రభుత్వం తిప్పిపంపింది. మూడు దశాబ్దాలకు పైగా అనుబంధమున్న విశ్వవిద్యాలయానికి రాజీనామా చేశారు. 1893లో తూనికలు, కొలతల ప్రధాన సంస్థ అధిపతి అయ్యారు. రష్యాలో మెట్రిక్ కొలతలను ఐచ్ఛికంగా అనుమతించిన 1899 నాటి చట్టం వెనుక ఉన్నది ఆయన కృషే.

పట్టికకు అసలైన పరీక్ష ఆ వయసులో ఎదురైంది. దాని మూలం పట్టిక కంటే ఆరునెలలు ముందటిది, అదీ తెలుగు నేలపై. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తీరాంధ్ర మీదుగా సాగింది. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులు అమర్చుకుని సూర్యుని అంచున ఎగసే జ్వాలలను పరిశీలించారు. ఆ వెలుగులో సోడియం గీతకు దగ్గరగా ఒక పసుపు గీత కనిపించింది. అదే గీతను ఆ అక్టోబరులో ఇంగ్లండులో గ్రహణం లేకుండానే చూసిన నార్మన్ లాక్యర్, అది భూమి మీద ఎరుగని మూలకానిదని భావించారు. సూర్యుని గ్రీకు పేరుతో దానికి హీలియం అన్న పేరు వచ్చింది. రసాయన శాస్త్రవేత్తలు దాన్ని పట్టించుకోలేదు. 1869 పట్టికలో దానికి చోటు లేదు, ఖాళీ గడి కూడా లేదు.

1894లో రేలీ, విలియం రామ్సే గాలిలో ఆర్గాన్‌ను కనుగొన్నారు. దాని భారం దాదాపు 40. ఏ మూలకంతోనూ కలవదు. పొటాషియం భారం 39 కనుక ఆర్గాన్‌ను ఎక్కడ పెట్టాలన్నా చోటు కుదరదు. అది మూలకం కాదని, మూడు నైట్రోజన్ పరమాణువులు కలిసిన రూపమై ఉంటుందని మెండలీవ్ భావించారు. 1895లో రామ్సే యురేనియం ఖనిజం నుంచి హీలియంను వెలికితీశారు. 1898లో నియాన్, క్రిప్టాన్, జెనాన్ వెలువడ్డాయి. ఇవి ఒక్కొక్కటీ విడిగా చూస్తే పట్టికకు శత్రువులు. కలిపి చూస్తే ఒక కుటుంబం. దేనితోనూ చేరని గుణమే వాటి ఉమ్మడి గుణం. హాలోజన్లకు, క్షారలోహాలకు మధ్య వాటిని ఒక నిలువు వరుసగా నిలిపితే ప్రతి ఒక్కటీ తన చోట ఒదిగిపోయింది. మెండలీవ్ కొద్ది సంవత్సరాలు తటపటాయించి, చివరకు శూన్య వర్గం పేరుతో దాన్ని సంతోషంగా స్వీకరించారు. ఒక్క గడి కాదు, ఒక వర్గమంతా తన చూపు నుంచి తప్పిపోయిందని ఒప్పుకోవడం అరవై దాటిన శాస్త్రవేత్తకు చిన్న సంగతి కాదు.

మిగిలిన కొత్తదనాన్ని ఆయన అంగీకరించలేకపోయారు. 1902లో పారిస్ వెళ్లి క్యూరీ దంపతుల పనిని చూశారు. అయినా ఒక మూలకం మరొకటిగా మారుతుందన్న మాటను, పరమాణువులో ఎలక్ట్రాన్ అనే భాగం ఉందన్న మాటను నమ్మలేదు. మూలకాల విడివిడి అస్తిత్వమే తన పట్టికకు పునాది అని ఆయన భావన. ఈథర్ సైతం హైడ్రోజన్ కంటే తేలికైన ఒక జడ మూలకమని ప్రతిపాదించారు. అది నిలవలేదు. ఆయన ఊహించిన మూలకాల్లో సగానికి కాస్త అటూఇటూగా మాత్రమే నిజమయ్యాయి. పాఠ్యపుస్తకాలు గెలిచిన మూడింటినే చెప్పి ఊరుకుంటాయి.

1906 నోబెల్ బహుమతికి రసాయన శాస్త్ర కమిటీ ఆయన పేరును సిఫారసు చేసింది. రాయల్ స్వీడిష్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దాన్ని కాదని ఫ్లోరిన్‌ను వేరుచేసిన హెన్రీ మ్వాసాన్‌కు ఇచ్చింది. తన అయాన్ల సిద్ధాంతాన్ని మెండలీవ్ విమర్శించినందుకు స్వాంటె అర్హీనియస్ వ్యతిరేకంగా పనిచేశారని చరిత్రకారులు చెబుతారు. ఆవిష్కరణ మరీ పాతదన్న వాదన కూడా వచ్చింది. 1907 ఫిబ్రవరి 2న మెండలీవ్ పీటర్స్‌బర్గ్‌లో మరణించారు. అంతిమయాత్రలో విద్యార్థులు ఆవర్తన పట్టికను ఎత్తి పట్టుకుని నడిచారు.

టెల్యూరియం, అయొడిన్ చిక్కు ఆయన మరణించిన ఆరేళ్లకు వీడింది. 1913లో యువ బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ మోజ్లీ ఎక్స్‌రే వర్ణపటాలను కొలిచి, మూలకాల క్రమాన్ని నిర్ణయించేది భారం కాదని, కేంద్రకంలోని ధనావేశమని చూపారు. టెల్యూరియం పరమాణు సంఖ్య 52, అయొడిన్ 53. మోజ్లీ 1915లో గల్లిపోలి యుద్ధంలో 27 ఏళ్ల వయసులో ప్రాణాలు కోల్పోయారు. గుణాలు ఎందుకు తిరిగి వస్తాయో పరమాణువు వెలుపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ల సంఖ్య తరువాతి దశాబ్దంలో వివరించింది. మెండలీవ్ నమ్మని ఎలక్ట్రానే ఆయన పట్టికకు కారణమైంది. మాంగనీసు కింద ఆయన వదిలిన గడి 1937 వరకు ఖాళీగానే ఉంది. ఇటలీలోని పలెర్మోలో పెరియర్, సెగ్రే దాన్ని టెక్నీషియంతో నింపారు.

1955లో అమెరికాలోని బర్కిలీలో గ్లెన్ సీబోర్గ్, ఆల్బర్ట్ గియోర్సో బృందం 101వ మూలకాన్ని సృష్టించింది. ఐన్‌స్టీనియం పలచని పూతను హీలియం కేంద్రకాలతో తాడించినప్పుడు దొరికిన కొత్త పరమాణువులు పదిహేడు మాత్రమే. తూచడానికి గాని, చూడటానికి గాని చాలవు. ద్రావణం గొట్టంలోంచి జారుతున్నప్పుడు ఈ కొత్త మూలకం ఏ చుక్కలో దిగాలో దాని వర్గపు గుణాలను బట్టి ముందే లెక్కకట్టారు. ఆ చుక్కలోనే అది దిగింది. ప్రచ్ఛన్నయుద్ధం తీవ్రంగా ఉన్న ఆ రోజుల్లో తమ ప్రభుత్వ అనుమతి తీసుకుని, ఆ అమెరికన్ శాస్త్రవేత్తలు దానికి మెండలీవియం అని పేరు పెట్టారు.